సగటు మెదడు

బొమ్మల నాణ్యతలో మా సంస్థకి ఇరవై మూడో స్థానం వచ్చింది. పోటీకి నిలబడ్డవి ఇరవై మూడే.

ఆసుపత్రులకి స్థానాలు కట్టే పై కమిటీ నుంచి ఆ ఉత్తరం వచ్చిన రోజు మా డైరెక్టర్ డాక్టర్ చిదానందంగారు మధ్యాహ్నం భోజనం ముట్టుకోలేదు. మాది సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, తలకి సంబంధించిన జబ్బుల కోసం కట్టిన ప్రభుత్వ ఆసుపత్రి. ప్రాంతీయ మస్తిష్క వైద్య సంస్థ అని గేటు మీద ఇత్తడి అక్షరాలుంటాయి. నా పేరు దాలినాయుడు. అందులో పెట్ స్కాన్ టెక్నీషియన్ని, అంటే రోగుల మెదళ్ళకి బొమ్మలు తీసేవాణ్ణి. ఆ ఇరవై మూడో స్థానం తెచ్చిపెట్టింది నేనే అన్నమాట.

జరిగింది చెప్పేముందు ఆ స్కాను గురించి రెండు ముక్కలు చెప్పాలి. రోగి చేతికి ఒక సూది వేస్తాం. అందులో రవ్వంత రేడియోధార్మికత కలిపిన చక్కెర ఉంటుంది. మెదడుకి చక్కెరే తిండి. ఎక్కడ చురుగ్గా పనిచేస్తోందో అక్కడ ఆ మందు ఎక్కువ చేరుతుంది, ఎక్కడ మందకొడిగా ఉందో అక్కడ తక్కువ. రోగి తలని గుండ్రటి యంత్రంలో పెట్టి, సూది వేసిన క్షణం నుంచి గంటసేపు వరసగా బొమ్మలు తీస్తూ పోతాం. దీన్ని డైనమిక్ స్కాన్ అంటారు. మొదట్లో మందు గబగబా పాకుతుంది కాబట్టి పది సెకన్లకొక బొమ్మ, తరవాత నిమిషానికొకటి, చివర్లో పది నిమిషాలకొకటి. పది సెకన్లలో యంత్రానికి అందేది చాలా తక్కువ. అందుకని మొదటి బొమ్మలు చీకట్లో తీసిన ఫోటోల్లా చుక్కలు చుక్కలుగా ఉంటాయి. పైగా గంటసేపు తల కదపకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది.

ఇది అన్నిచోట్లా ఉన్న ఇబ్బందే. మాకు అదనంగా ఉన్న ఇబ్బంది పరంధామయ్యగారు.

ఉత్తరం వచ్చిన పదిహేను రోజులకి ఆయన్ని నాణ్యతా వికాస అధికారిగా వేశారు. అంతకుముందు ఆయన ఇరవై ఆరేళ్ళు ధాన్యం గిడ్డంగుల్లో బియ్యం నాణ్యత చూశారు. నాణ్యత ఎక్కడైనా నాణ్యతే కదా అని పైవాళ్ళు అనుకున్నారు. మొదటి రోజు నా గదికి వచ్చి, తెర మీదున్న మెదడు బొమ్మని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు.

"నూకలెక్కువున్నాయి," అన్నారు.

"అవి నూకలు కావండి, చుక్కలు. అందే సంకేతాలు తక్కువైతే..."

"ముక్కలైన ప్రతిదీ నూకేనయ్యా. శాతం ఎంత?"

అప్పటిదాకా మెదడులో నూకల శాతం ఎవరూ లెక్కకట్టలేదు. వారం రోజుల్లో దానికొక సూత్రం తయారైంది. ఆ మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నూకశాతము ఇరువదికి మించిన మస్తిష్క చిత్రములు నాసిరకముగా పరిగణించి తిరస్కరించబడును. సదరు రోగులు మెరుగైన చిత్రము నిమిత్తము మరల హాజరు కావలెను."

ఆ సర్క్యులర్ కింద మొట్టమొదట తిరస్కరించబడ్డ మనిషి పైడమ్మ.

పైడమ్మకి ఇరవై తొమ్మిదేళ్ళు. గోనెపట్టా నేసే మిల్లులో మగ్గం మీద పని. రెండేళ్ళుగా ఆమెకి ఒక చిత్రమైన జబ్బు. మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు నిలిచిపోతుంది. ఏదో నములుతున్నట్టు పెదాలు ఆడిస్తుంది. పిలిస్తే పలకదు. నిమిషం గడిచాక మామూలుగా అయిపోయి, "ఏటైంది?" అని అడుగుతుంది. ఇదీ మూర్ఛే. మూడు రకాల మాత్రలు మార్చినా లొంగలేదు. మగ్గం ముందు అలా అయితే చెయ్యి యంత్రంలోకి పోతుందని మిల్లు వాళ్ళు ఆమెని పనిలోంచి ఆపి, డాక్టర్ కాగితం తెమ్మన్నారు.

ఆమె వెంట వచ్చింది అత్త అప్పయ్యమ్మ. అరవై దాటిన బక్కపల్చని మనిషి. కోడలి చెయ్యి పట్టుకునే నడిచేది, ఎక్కడ చూపు నిలిచిపోతుందోనని ప్రతి రెండడుగులకీ మొహంలోకి తొంగి చూసేది. మా నరాల డాక్టర్ సలోమిగారు వాళ్ళకి విషయం విడమరిచి చెప్పారు.

"మెదడులో ఎక్కడో ఒక చోటు చెడిందమ్మా. మూర్ఛ అక్కడ్నించే పుడుతోంది. ఆ చోటు ఎక్కడో కచ్చితంగా తెలిస్తే ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు. తెలియకుండా కత్తి పెట్టలేం. అందుకే ఈ స్కాను."

"దొరుకుతాదా తల్లీ?" అంది అప్పయ్యమ్మ.

"దొరకాలి."

ఆ రోజు నేనే స్కాను చేశాను. పైడమ్మ భయంతో బిగుసుకుపోయి మూడుసార్లు తల కదిపింది. బొమ్మలు అంతంతమాత్రంగా వచ్చాయి. అయినా కుడి చెవి వెనకవైపు ఏదో మసకగా, చుట్టుపక్కల కన్నా కాస్త నల్లగా ఉన్నట్టు అనిపించింది. సలోమిగారికి చెబుదామనుకునే లోపలే నూకల శాతం ముప్పై నాలుగు అని తేలింది. బొమ్మ మీద ఎర్రముద్ర పడింది. పైడమ్మని మూడు నెలల తరవాత రమ్మన్నారు.

"నాసిరకం అంతన్నారు, మా కోడలి మెదడా?" అంది అప్పయ్యమ్మ ఆ ముద్ర చదివించుకుని.

"కాదమ్మా, బొమ్మ."

"మరి బొమ్మ తీసింది నువ్వు గదా నాయనా. దాన్నెందుకు మళ్ళీ రమ్మంతన్నారు?"

నేను మళ్ళీ రావలసిన తారీఖు రాసి చీటీ ఆమె చేతిలో పెట్టాను.

ఆ నెలలో డెబ్భై మందిని తిప్పి పంపాం. నూకశాతం మాత్రం తగ్గలేదు. చిదానందంగారు సమీక్షా సమావేశం పెట్టారు. పరంధామయ్యగారు ఒకే రోగి బొమ్మలు వరసగా గోడ మీద వేయించి కర్రతో చూపించారు.

"మొదటి బొమ్మ ఇంత అధ్వాన్నంగా ఎందుకున్నట్టు? చివరిది ఇంత శుభ్రంగా ఎందుకున్నట్టు?"

"మొదటిది పది సెకన్లు సార్, చివరిది పది నిమిషాలు," అన్నాను.

"అయితే అన్నీ కలిపేసి ఒకటే బొమ్మ చెయ్యొచ్చు గదా."

సలోమిగారు లేచారు. "కలిపేస్తే డైనమిక్ స్కాన్ అనే మాటకే అర్థం ఉండదండీ. మందు ఎక్కడికి త్వరగా వచ్చింది, ఎక్కడికి ఆలస్యంగా వచ్చింది, ఆ మార్పులోనే జబ్బు కనబడేది."

పరంధామయ్యగారు జాలిగా నవ్వారు. "మార్పు అనునది అస్థిరతకు సంకేతం డాక్టర్‌గారూ. ఒకే రోగి, ఒకే తల, ఒకే గంట. అందులో ముప్పై ఎనిమిది రకాల బొమ్మలెందుకు? మన దగ్గర ఏకరూపత లోపించిందని పై కమిటీ అననే అంది."

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో ఆగేది. కానీ పక్కనున్న ఆయనెవరో, కలిపితే నూకలు నిజంగా తగ్గుతాయా అని అడిగారు. నాకు తెలిసిన లెక్క నేను చెప్పాను.

"తగ్గుతాయండి. నాలుగు రెట్లు పోగేస్తే నూకలు సగమవుతాయి. పదహారు రెట్లు పోగేస్తే నాలుగో వంతు."

పరంధామయ్యగారి కళ్ళు మెరిశాయి. "అయితే ఇంకా పోగేద్దాం."

"ఒక రోగి గంటకి మించి పడుకోలేడండి."

"ఒక రోగి అయిపోతే ఇంకో రోగిని కలపండి."

నేను నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని గమనించి ఊరుకున్నాను. చిదానందంగారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, మెల్లగా తలాడించారు.

"ఇది సమష్టి కృషి స్ఫూర్తికి అద్దం పడుతోంది," అన్నారు.

"ఒకరి మెదడు ఇంకొకరి మెదడుతో కలపడమేంటి సార్!" అన్నారు సలోమిగారు.

"మెదడును కాదమ్మా. చిత్రాన్ని," అన్నారు చిదానందంగారు ఓపికగా.

మొదట్లో జాగ్రత్తగానే కలిపాం. ఒకే వార్డు వాళ్ళని మాత్రమే కలపాలన్నారు. నూకశాతం పదిహేడుకి దిగింది. తరవాత ఒకే జిల్లా వాళ్ళని కలిపాం. పదకొండు. పెద్ద తలలు, చిన్న తలలు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవడం లేదని "శిరఃపరిమాణ సమీకరణ ఉపసంఘం" వేశారు. అది నెలలోపలే అందరి తలలనీ కంప్యూటర్లో సాగదీసి, కుదించి ఒకే కొలతకి తెచ్చింది. ఆ తరవాత ఆడవాళ్ళు, మగవాళ్ళు, పసివాళ్ళు, ముసలివాళ్ళు అనే తేడా చూపించడం వివక్ష అవుతుందని న్యాయ సలహా వచ్చింది. అందరినీ కలిపేశాం.

నాలుగువందల పన్నెండు మందిని కలిపిన రోజు తెర మీదికి వచ్చిన బొమ్మ గురించి నిజం చెప్పాలి. నా పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో అంత అందమైన మెదడుని నేను చూడలేదు. ఎక్కడా ఒక చుక్క లేదు. అటు సగం ఇటు సగం దిద్ది పెట్టినట్టున్నాయి. ఎక్కడా కణితి లేదు, మచ్చ లేదు, ఎండిపోయిన చోటు లేదు. ఒకరికి కుడివైపున్న జబ్బుని ఎడమవైపు జబ్బున్నవాళ్ళు పూడ్చేశారు. వాళ్ళ జబ్బుని వీళ్ళు పూడ్చేశారు. నాలుగువందల పన్నెండు మంది రోగుల్ని కలిపితే ఒక సంపూర్ణ ఆరోగ్యవంతుడు తయారయ్యాడు.

నూకశాతం రెండు.

చిదానందంగారు లేచి నిలబడ్డారు. ఆయన నిలబడ్డారని అందరూ నిలబడ్డారు. ఆ బొమ్మని నాలుగడుగుల పటం కట్టించి ఆసుపత్రి ముందు హాల్లో పెట్టారు. దానికి సగటు మెదడు అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి స్కానుకి వచ్చిన ప్రతి రోగికీ, ఎవరి పేరుతో వాళ్ళకి, ఆ బొమ్మే ఇచ్చాం. తరవాతి విడత లెక్కల్లో మా సంస్థ ఇరవై మూడో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎక్కింది.

పైడమ్మ రెండోసారి వచ్చింది ఆ నాలుగువందల పన్నెండు మంది లెక్క పూర్తయిన రోజునే. ఈసారి ఎంత కష్టమైనా తల కదపనని అత్తకి మాటిచ్చి వచ్చిందట. గంటసేపు పళ్ళు బిగబట్టి పడుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు.

"ఈపాలి బాగొచ్చిందా బాబూ?" అని అడిగింది లేచి కూర్చుని.

"బాగా వచ్చిందమ్మా," అన్నాను. ఆమె బొమ్మలు నిజంగానే బాగా వచ్చాయి. అవి నాలుగువందల మందిలో కలిసిపోయాయి. ఆమెకి సగటు మెదడు ఇచ్చాం. కింద "అంతా సామాన్యం" అని అచ్చేసి ఉంది.

ఆ కాగితం చూసి మిల్లు మేనేజర్ ఆమె మీద మండిపడ్డాడట. మెదడు ఇంత చక్కగా ఉంటే రెండేళ్ళు నాటకం ఆడావా అన్నాడట. మర్నాటి నుంచి మగ్గం మీదికి రమ్మన్నాడు. మళ్ళీ పనిచ్చారు కదా అని పైడమ్మ సంతోషంగానే వెళ్ళింది.

ఇదిలా ఉండగా మాకొక చిక్కు వచ్చిపడింది. చేతులూ తలా వణికే జబ్బున్న ఒక తాతని నాలుగువందల పదమూడో వాడిగా కలిపితే నూకశాతం రెండు నుంచి రెండున్నరకి పెరిగింది. పరంధామయ్యగారు హడలిపోయారు. మంచి బియ్యం గోతంలో ఎవరో తవుడు పోసినట్టు చూశారు తాతని.

"కొత్త రోగి ఎవడొచ్చినా మన చిత్రం చెడుతోంది," అన్నారు. "రోగుల వల్లే నాణ్యత దెబ్బతింటోందని గణాంకాలు నిర్ద్వంద్వంగా నిరూపిస్తున్నాయి."

సోమవారానికి సర్క్యులర్ వచ్చింది. సగటు మెదడు యొక్క పవిత్రతను పరిరక్షించు నిమిత్తము నూతన చిత్రీకరణలు నిలిపివేయడమైనది. అయితే రోగుల మానసిక సంతృప్తి దృష్ట్యా వారిని యంత్రమునందు పది నిమిషములు పరుండబెట్టవలెను. సూది అవసరము లేదు. యంత్రమును ఆన్ చేయరాదు.

అలా నెలల తరబడి నేను ఆగిపోయిన యంత్రాన్ని నడిపాను. రోగుల్ని కదలొద్దని హెచ్చరించాను. "అయిపోయిందమ్మా, లేవండి" అన్నాను. లేచినవాళ్ళు నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు. నేను ఆ దణ్ణాలు తీసుకున్నాను. ఆ మాట దాచుకోను.

అది మొదలైన రెండో వారంలో, ఒక గురువారం పొద్దున బయట వరండాలో గొడవగా ఉంటే వెళ్ళి చూశాను. అప్పయ్యమ్మ. పక్కన బల్ల మీద పైడమ్మ ఎడమ చేతికి మోచెయ్యి దాకా కట్టుతో కూర్చుని ఉంది. మగ్గం ముందు నిలబడ్డ ఐదో రోజునే ఆమె చూపు నిలిచిపోయింది. పక్క మగ్గం ఆవిడ చూసి మెషిన్ ఆపేలోపల రెండు వేళ్ళు నలిగిపోయాయి. చిటికెన వేలు తీసేశారు.

అప్పయ్యమ్మ ఒక చేత్తో కోడలి బొమ్మ, ఇంకో చేత్తో ఎవరిదో బొమ్మ పట్టుకుని రెండూ కిటికీ వెలుగులో పెట్టి చూస్తోంది. ఆ రెండోది పక్కనే కూర్చున్న వణుకు జబ్బు తాతది.

"నాయుడుబాబూ, ఇటు రా. ఇది నా కోడలి బుర్ర. ఇది ఈ తాతది. తేడా సూపించు."

నేను చూపించలేకపోయాను.

"నాకు సదువు రాదు. అయినా కళ్ళున్నాయి. డెబ్బయ్యేళ్ళ ముసలాడికీ, నా కోడలికీ ఒకే బుర్ర ఎలగుంతాది?" ఆమె ఇంకో ఇద్దరి దగ్గర బొమ్మలు లాక్కుని చూసింది. "ఇదీ అదే! ఇదీ అదే! ఏటి బాబూ, పెళ్ళి శుభలేకల్లాగ అందరికీ ఒకటే అచ్చేసి పంచతన్నారా?"

వరండాలో ఉన్నవాళ్ళంతా తమ తమ బొమ్మలు తీసి పక్కవాళ్ళ బొమ్మలతో సరిచూసుకోవడం మొదలుపెట్టారు. గొడవ విని పరంధామయ్యగారు వచ్చారు.

"ఏమిటమ్మా నీ ఆక్షేపణ?"

"నా కోడలి బొమ్మ నాకియ్యండి. వేరేవోళ్ళది నాకొద్దు."

"అది నీ కోడలిది కూడా. అందులో ఆమెకు నాలుగువందల పన్నెండో వంతు వాటా ఉంది," అన్నారాయన. ఆయన గొంతులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగానే చెబుతున్నారు. "గొప్పవారికొక రకం, పేదవారికొక రకం అనే విచక్షణకు ఈ సంస్థలో తావు లేదు. కలెక్టరు వచ్చినా ఇదే మెదడు, కూలీ వచ్చినా ఇదే మెదడు. ఇంత సమానత్వం నీకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

"సమానంగా సేతి యేళ్ళు తెగితే అప్పుడు అనండి బాబూ ఆ మాట."

పైడమ్మ కట్టుకట్టిన చెయ్యి కొంగుకింద దాచుకుంది. "నువ్వు బాగొచ్చిందన్నావు బాబూ," అంది నాతో, అంతే. తిట్టినా బాగుండేది.

నేను లోపలికి వెళ్ళి, కంప్యూటర్లో పైడమ్మ పేరు వెతికాను. తరవాత సలోమిగారి గదికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను.

"మేడమ్, పైడమ్మ అసలు స్కాన్లు రెండూ ఉన్నాయి."

ఆవిడ కలం ఆపేశారు. "చెరిపెయ్యమన్నారు కదా?"

"చెరపాలంటే ముగ్గురు సంతకం చెయ్యాలండి. మూడో సంతకం పెట్టాల్సిన పోస్టు నాలుగేళ్ళుగా ఖాళీ."

మా సంస్థలో ఆ ఒక్క ఖాళీ వల్ల జరిగిన మేలు, నిండి ఉన్న పోస్టులన్నీ కలిపి చెయ్యలేదు.

ఆదివారం పగలు ఇద్దరం కూర్చున్నాం. బొమ్మలు బాగుచెయ్యడానికి అసలైన పద్ధతులున్నాయి, ఓపిక కావాలి అంతే. మొదటి స్కానులో పైడమ్మ తల ఎప్పుడెప్పుడు కదిలిందో ఒక్కొక్క బొమ్మే చూసుకుంటూ గుర్తుపట్టాం. కదిలిన ప్రతిచోటా ఆ బొమ్మని ఎంత పక్కకి జరిగిందో అంత వెనక్కి జరిపి, కదలకముందు తీసిన బొమ్మతో అంచులు కలిపాం. చుక్కలు మరీ ఎక్కువున్నచోట ఆమె బొమ్మల్లోనే ముందూ వెనకా ఉన్నవి చూసి సరిదిద్దాం. వేరే మనిషి తల ఒక్కటీ కలపలేదు. రెండో స్కాను, పాపం ఆమె అంత కష్టపడి కదలకుండా పడుకున్నది, దాదాపు తిన్నగానే ఉంది. తరవాత మెదడులో ఒక్కో చోటికి మందు ఏ నిమిషంలో ఎంత చేరిందో గీత గీసుకుంటూ వచ్చాం.

అన్ని గీతలూ ఒకలాగే పైకి లేచాయి. ఒకటి మాత్రం కుంటుతూ లేచి, మధ్యలోనే చతికిలబడింది. కుడి చెవి వెనక, చిక్కుడు గింజంత చోటు. రెండు స్కాన్లలోనూ అదే చోటు.

సలోమిగారు ఆ చోటు మీద వేలు పెట్టారు. "ఇదే దాలినాయుడుగారూ. ఏరి పారెయ్యమన్న నూక ఇదే."

మర్నాడు ఆ బొమ్మ పట్టుకుని ఇద్దరం డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బొమ్మ కంటే ముందు దాని మూల చూశారు.

"దీని మీద నాణ్యతా విభాగం ఆమోద ముద్ర లేదే?"

"జబ్బు ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తోంది సార్. ఆపరేషన్ చేస్తే పైడమ్మ బాగుపడుతుంది," అన్నారు సలోమిగారు.

"నూకశాతం?"

"పద్ధెనిమిది."

"మన సంస్థ సగటు రెండు. పద్ధెనిమిది శాతం చిత్రం మీద ఆధారపడి శస్త్రచికిత్స జరిగితే మన మొదటి స్థానం ఏం కావాలమ్మా?" ఆయన బొమ్మని బోర్లా తిప్పి మా వైపు జరిపారు. "అధికారిక చిత్రం ప్రకారం ఆమెకు జబ్బు లేదు. లేని జబ్బుకు ఆపరేషన్ చేయుట అనైతికం."

సలోమిగారు బొమ్మ తీసుకుని లేచారు. తనతో చదువుకున్న ఒక సర్జన్ ఇంకో ఊళ్ళో ధర్మాసుపత్రిలో పనిచేస్తున్నాడు. ఆయనకి రెండు పేజీల ఉత్తరం రాసి, బొమ్మలన్నీ ఒక డిస్కులో పెట్టి అప్పయ్యమ్మ చేతికిచ్చారు. ఆమె దాన్ని రవికెలో దోపుకుని, కోడలి మొహంలోకి ఒకసారి తొంగి చూసుకుని బస్సెక్కించింది.

అక్కడ ఇంకో రెండు పరీక్షలు చేసి, చోటు అదేనని నిర్ధారణ చేసుకుని ఆపరేషన్ చేశారు. పైడమ్మకి ఆ తరవాత ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. మిల్లు వాళ్ళు ఆమెని మగ్గం మీద కాకుండా మడత సెక్షన్లో తీసుకున్నారు.

ఈ సంగతి పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది. దాంతో మా సంస్థలో విచారణ సంఘం వేశారు. పైడమ్మకి జబ్బు ఎలా కనబడలేదన్నది దాని విషయం కాదు. ఆమోదం లేని బొమ్మ బయటికి ఎలా పోయిందన్నదే విషయం. నాకూ సలోమిగారికీ సంజాయిషీ నోటీసులిచ్చారు. పైడమ్మనీ, అప్పయ్యమ్మనీ సాక్షులుగా పిలిచారు.

పైడమ్మ బాగా ఒళ్ళు చేసింది. జుట్టు ఇంకా పొట్టిగా, మగపిల్లాడి క్రాపులా ఉంది. విచారణ మొదలయ్యే ముందు ఆమెని యంత్రంలో పది నిమిషాలు పడుకోబెట్టమన్నారు. పడుకోబెట్టాను. సగటు మెదడు అచ్చేసి ఇచ్చాను. పరంధామయ్యగారు దాన్ని తీసుకెళ్ళి, ఆమెకి ఏడాది కిందట ఇచ్చిన బొమ్మ పక్కన పెట్టి సంఘానికి చూపించారు.

"గమనించగలరు. ఆపరేషన్ అనంతరం ఈమె మెదడు సామాన్యంగా ఉంది. మన సంస్థ గతంలో ఇచ్చిన చిత్రానికీ, నేటి చిత్రానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అనగా మన చిత్రం మొదటి నుంచీ సరైనదే. రోగి మాత్రం చిత్రానికి అనుగుణంగా మారడంలో కొంత జాప్యం చేసింది."

చిదానందంగారు బల్ల మీద మెల్లగా చరిచారు. "దూరదృష్టి గల చిత్రం!"

సంఘం అధ్యక్షులు అది అక్షరాలా రాయించారు. అంతేకాక, చికిత్స జరగకముందే దాని తరవాతి స్థితిని చూపించగల మొట్టమొదటి స్కాను మాదేనని పై కమిటీకి నివేదించాలని తీర్మానించారు. సలోమిగారు వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి వాళ్ళకి వీపు తిప్పారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

ఆఖర్న గుమాస్తా ఒక కాగితం అప్పయ్యమ్మ ముందు పెట్టి, సిరా పెట్టె తెరిచాడు. "సంస్థ ఇచ్చిన చిత్రంతో మేము పూర్తిగా సంతృప్తి చెందితిమి" అని ఉంది దాని మీద. చదివి వినిపించాడు.

"వేలిముద్ర వెయ్యమ్మా."

అప్పయ్యమ్మ కాగితాన్ని చూసింది. సిరా పెట్టెని చూసింది. బల్ల చుట్టూ కూర్చున్న తొమ్మిది మందిని ఒక్కొక్కరినే చూసింది.

"నా ఏలిముద్దర ఎందుకు బాబూ? ఇక్కడ ఇంతమంది పెద్దోళ్ళున్నారు. అందరి ఏలిముద్దర్లూ కలిపి సగటు తీసి ఏసేసుకోండి. నూకలు నేకుండా శుబ్బరంగా ఒస్తాది."

కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. నాలుగు వేళ్ళున్న ఆ చేతిని అందరికీ కనబడేలా పట్టుకుని, తొందరేమీ లేకుండా గది దాటింది. గుమ్మం దాటాక పైడమ్మ నవ్వడం వినబడింది. ఆమె నవ్వు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

పరంధామయ్యగారు జేబులోంచి కలం తీసి, అప్పయ్యమ్మ అన్న మాట డైరీలో రాసుకున్నారు. "సాధ్యాసాధ్యాలు పరిశీలించదగిన సూచన," అన్నారు.

సలోమిగారు తనంతట తనే రాజీనామా చేసి స్నేహితుడున్న ధర్మాసుపత్రికి వెళ్ళిపోయారు. ఆరోగ్యవంతురాలిలో జబ్బు చూపించినందుకు నన్ను తీవ్రంగా మందలించి, స్కాను గదిలోంచి తీసి, ముందు హాల్లో బొమ్మలు పంచే కౌంటర్లో వేశారు. యంత్రానికి దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు. రోజుకి నలభై మంది వస్తారు. పేరు రాసుకుని, సగటు మెదడు అచ్చేసి, కవర్లో పెట్టి ఇవ్వడం నా పని.

కవర్లో పెట్టే ముందు నేను ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను. ఏమవుతోందమ్మా, ఎప్పటినుంచి, ఏ పక్క? వాళ్ళు చెబుతారు. విని, బొమ్మని వెనక్కి తిప్పి, వాళ్ళు చెప్పింది నాలుగు ముక్కల్లో రాసి, కింద సలోమిగారి ఆసుపత్రి చిరునామా, అక్కడికి వెళ్ళే బస్సు నంబరు రాసిస్తాను. ఇప్పటికి ఆరువందల ముప్పై మందికి రాశాను. నాణ్యతా విభాగం ప్రతి శనివారం వచ్చి బొమ్మలు తనిఖీ చేస్తుంది. మెరుపు చూస్తారు, అంచులు చూస్తారు, నూకలు లెక్కపెడతారు. తిప్పి వెనకవైపు ఒక్కరోజూ చూడలేదు.